బూట్లు విప్పాక మొదలైన తాలీమ్

2025 ఆగస్టు 1న ఖాలిద్ జమీల్‌ని భారత ఫుట్‌బాల్ జట్టు హెడ్ కోచ్‌గా ప్రకటించారు. ఆ రోజు మన వాట్సాప్ గ్రూపుల నిండా ముబారక్‌బాదులే. మనోడు, ఖౌమ్ పేరు నిలబెట్టాడు, మాషా అల్లాహ్ అంటూ ఒకటే సందడి. రెండున్నర నెలలు గడిచాయి. అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి, 2027 ఆసియా కప్‌కు వెళ్లే దారి మూసుకుపోయిన రాత్రి అవే గ్రూపుల్లో ఖామోషీ. ఇద్దరు ముగ్గురు మాత్రం "ఈయనతో ఏమవుతుందిలే" అని రాశారు.

ఆ ఖుషీకీ, ఈ గుస్సాకీ ఆయన అసలు కహానీతో పెద్దగా తాల్లుక్ లేదని నా అభిప్రాయం. ఖాలిద్ జమీల్ జిందగీలో మన ఇళ్లకు పనికొచ్చేది ఆయన పేరూ కాదు, కుర్చీ కూడా కాదు. ముప్పై రెండేళ్లకు ఆట ముగిసిన మనిషి మళ్లీ అలిఫ్, బే దగ్గర మొదలుపెట్టి ఇంకో హునర్ ఎలా నేర్చుకున్నాడన్నదే మనకు కావలసిన సంగతి. పిల్లాడు బంతి పట్టుకుంటే "దీంతో రోటీ వస్తుందా?" అని అడిగే అమ్మీ-అబ్బాలు ఈ సంగతి తెలుసుకోవాలి.

మొదట ఆటగాడి సంగతి చెబుతాను. ఖాలిద్ 1977లో కువైట్‌లో పుట్టారు. గల్ఫ్‌లో పుట్టి పెరిగిన పిల్లలు మన కుటుంబాల్లోనూ తక్కువేం లేరు కాబట్టి ఆ జిందగీ మనకు కొత్త కాదు. తర్వాత ముంబయి వచ్చారు. ఆడింది మిడ్‌ఫీల్డ్‌లో. మహీంద్రా, ఎయిర్ ఇండియా, మళ్లీ మహీంద్రా. భారత జట్టు జెర్సీ కూడా వేసుకున్నారు. 2005-06లో మహీంద్రా యునైటెడ్ నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నారు.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడేవాడికి పేరు కావాలన్నా, పైసా కావాలన్నా కోల్‌కతా వెళ్లాల్సిందే. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ రెండూ పిలిచినా ఖాలిద్ వెళ్లలేదని, ఆ క్లబ్బుల చొక్కాల మీద షరాబ్ కంపెనీల పేర్లు ఉండటమే దానికి కారణమని పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. మనవాళ్లు ఈ ముచ్చట చెప్పుకుని గర్వపడతారు. గర్వపడాల్సిందే. అయితే అందులో సగం సంగతి చెప్పుకోవడం మర్చిపోతాం. ఆ ఫైసలాకు ఖరీదు ఉంది. లక్ష మంది అరుపుల మధ్య ఆడే డెర్బీ పోయింది, పెద్ద జీతం పోయింది, ఇంటింటా తెలిసే పేరు పోయింది. ఉసూల్ పాటించే మనిషికి వెంటనే ఇనామ్ దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. చాలా ఏళ్లు ఆయనకు దొరకనూ లేదు.

2007లో ముంబయి ఎఫ్‌సీలో చేరారు. అప్పటికే గాయాలు పట్టుకున్నాయి. మైదానంలో ఉన్న రోజుల కంటే బయట కూర్చున్న రోజులే ఎక్కువ. 2009లో ఆట మానేశారు. వయసు 32. అదే వయసులో ఉన్న డాక్టరుకు అప్పుడప్పుడే పేరు మొదలవుతుంది, వకీలుకు కేసులు రావడం మొదలవుతుంది. ఫుట్‌బాలర్‌కు మాత్రం దుకాణం బంద్. మోకాలికి లైలత్ లేదు, నహార్ లేదు, నొప్పి పుట్టిందంటే పుట్టిందే. మన దేశంలో ఆట ఆపేసిన ఫుట్‌బాలర్లలో ఎక్కువమంది రైల్వేలోనో, బ్యాంకులోనో, పోలీసు శాఖలోనో స్పోర్ట్స్ కోటాలో వచ్చిన కుర్చీలో కూర్చుండిపోతారు. ఆ కుర్చీ కూడా దొరకనివాళ్లు గల్లీల్లో కలిసిపోతారు.

ఖాలిద్‌కు అదే ముంబయి ఎఫ్‌సీ ఒక దారి చూపింది. ఆడలేకపోతే ఆడించు అంది. నిన్నటిదాకా డ్రెస్సింగ్ రూములో పక్కన కూర్చుని చాయ్ తాగిన దోస్తులకే ఇవాళ కోచ్. చెప్పినంత ఆసాన్ కాదు ఇది. ఆడేవాడు తన రెండు కాళ్ల సంగతి చూసుకుంటే చాలు. కోచ్ ఇరవై ఐదు మంది కాళ్లు, ఇరవై ఐదు మంది దిల్లు, ఇరవై ఐదు ఇళ్ల గొడవలు చూసుకోవాలి. ఇవాళ ఎవరిని ఆడించాలో తేల్చడం ఒక ఎత్తు, ఎవరిని కూర్చోబెట్టాలో తేల్చి, ఆ మాట వాడి మొహం మీద చెప్పడం ఇంకో ఎత్తు. గొప్పగా ఆడినవాళ్లు చాలామంది ఇక్కడే ఫెయిల్ అయ్యారు. తనకు పుట్టుకతో వచ్చినదాన్ని ఎదుటివాడికి మాటల్లో చెప్పడం వాళ్లకు రాలేదు.

ముంబయి ఎఫ్‌సీలో ఖాలిద్ ఏడేళ్లు ఉన్నారు. టైటిళ్లు లేవు, కప్పులు లేవు. ప్రతి సీజన్ ఒకటే పని: తక్కువ ఖర్చుతో నడిచే జట్టును ఐ-లీగ్‌లోంచి కిందకు జారిపోకుండా కాపాడటం. ఈ పనికి చప్పట్లు పడవు. గోడ కూలకుండా నిలబెట్టిన మేస్త్రీని ఎవరు మెచ్చుకుంటారు? కొత్త మేడ కట్టినవాడికే కదా పేరు. ఏడేళ్లు ఆ గోడను పట్టుకుని నిలబడ్డారు. 2016లో ఆ బంధం తెగింది. ఆ మరుసటి సీజన్లోనే ముంబయి ఎఫ్‌సీ పట్టికలో అట్టడుగుకు పోయి లీగ్ నుంచి జారిపోయింది. అదే సీజన్లో ఖాలిద్ ఏం చేశారో చూడండి.

ముంబయి వదిలాక ఆయన ఐజ్వాల్ వెళ్లారు. మిజోరంలో కొండల మీది ఊరు అది. ఐజ్వాల్ ఎఫ్‌సీ అంతకు ముందు ఏడాదే లీగ్ నుంచి దిగజారింది. గోవా క్లబ్బులు లీగ్ వదిలేసి వెళ్లిపోవడంతో ఖాళీ ఏర్పడి మళ్లీ లోపలికి తీసుకున్నారు. అంటే మెహర్బానీ మీద వచ్చిన సీటు. దాని లక్ష్యం మళ్లీ జారిపోకుండా ఉండటమే అని అందరూ అనుకున్నారు. ముంబయిలో తన దగ్గర ఆడిన అశుతోష్ మెహతా, జయేశ్ రాణే ఆయన వెంట ఆ కొండలెక్కారు. ఉస్తాద్ మీద భరోసా ఉంటేనే షాగిర్దులు అలా వెంట నడుస్తారు.

2017 ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో చివరి మ్యాచ్ 1-1తో డ్రా అయింది. ఐజ్వాల్‌కు 37 పాయింట్లు, మోహన్ బగాన్‌కు 36. ఈశాన్య రాష్ట్రాల నుంచి ఒక క్లబ్ దేశపు లీగ్ గెలవడం అదే మొదటిసారి. ఒకప్పుడు ఖాలిద్ వెళ్లనని చెప్పిన కోల్‌కతా దిగ్గజాన్ని ఒక్క పాయింట్ తేడాతో వెనక్కి నెట్టారు. అంతకు ముందు మ్యాచ్‌లో అదే మోహన్ బగాన్‌ను ఐజ్వాల్‌లో 1-0తో ఓడించారు. జనాభాలో ఎక్కువమంది క్రైస్తవులైన రాష్ట్రం ఈ ముసల్మాన్ కోచ్‌ను నెత్తిన పెట్టుకుంది. నీ మజ్హబ్ ఏంటని వాళ్లు అడగలేదు, మా పిల్లలకు ఏం నేర్పావనే చూశారు. "మనోడు" అని ఊగిపోయేవాళ్లు ఈ ముచ్చట కూడా గుర్తు పెట్టుకుంటే బాగుంటుంది.

సినిమా అయితే ఇక్కడితో ముగిసేది. జిందగీ ముగియదు కదా. మరుసటి ఏడాది ఈస్ట్ బెంగాల్ పిలిచింది. టైటిల్ రాలేదు, సీజన్ అయ్యేసరికి ప్రయాణం అయిపోయింది. 2019 జనవరిలో మోహన్ బగాన్ పిలిచింది. అక్కడా నిలవలేదు. ఆ తర్వాత నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌లో అసిస్టెంట్ కోచ్‌గా చేరారు. ఇక్కడ కాసేపు ఆగండి. దేశపు లీగ్ గెలిచిన మనిషి, రెండు పెద్ద క్లబ్బులకు హెడ్‌గా చేసిన మనిషి, బయటి దేశం నుంచి వచ్చిన కోచ్ పక్కన రెండో కుర్చీలో కూర్చున్నారు.

మన ఇళ్లల్లో అయితే? మేనేజరుగా చేసినోడు అసిస్టెంట్‌గా చేరితే షాదీలకు రావడం మానేస్తాడు. "లోగ్ క్యా కహేంగే" అన్న ఒక్క మాట మన పిల్లల ఎన్ని దారులు మూసేసిందో లెక్క తీస్తే ఒక దఫ్తర్ నిండుతుంది. ఐఎస్‌ఎల్‌లో అప్పటికి హెడ్ కోచ్ కుర్చీలన్నీ దాదాపు విదేశీయులవే. ఆ తలుపు ముందు నుంచి తెరుచుకోదని తెలిసినవాడు పక్క తలుపు నుంచి లోపలికి వెళ్లాడు. నేర్చుకుంటూ కూర్చున్నాడు. ఇజ్జత్ కుర్చీలో లేదు, పనిలో ఉందని మాటల్లో అందరం చెప్తాం. ఆయన చేసి చూపించాడు.

2021 జనవరిలో హెడ్ కోచ్‌ను తీసేస్తే జట్టును తాత్కాలికంగా ఖాలిద్ చేతిలో పెట్టారు. మిగిలిన లీగ్ మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడకుండా సెమీఫైనల్ దాకా తీసుకెళ్లారు. ఆ ఏడాదే అక్టోబర్‌లో పూర్తి స్థాయి హెడ్ కోచ్ అయ్యారు. ఐఎస్‌ఎల్ క్లబ్‌కు తాత్కాలికం కాని మొదటి భారతీయ హెడ్ కోచ్ ఆయనే. మరి ఆ సీజన్? పదకొండు జట్లలో పదో స్థానం. మళ్లీ కిందకు. ఆ తర్వాత జంషెడ్‌పూర్ వచ్చింది. 2024-25లో ఐఎస్‌ఎల్ సెమీఫైనల్, 2025 సూపర్ కప్ ఫైనల్. అప్పుడు జాతీయ జట్టు కుర్చీకి 170 దరఖాస్తులు వస్తే అందులోంచి ఆయన్ని ఎంచుకున్నారు. పదమూడేళ్ల తర్వాత ఆ కుర్చీలో ఒక భారతీయుడు కూర్చున్నాడు.

కూర్చున్న కొత్తలోనే తజికిస్తాన్‌ను వాళ్ల గడ్డ మీద ఓడించారు, ఒమాన్‌ను పెనాల్టీలలో దాటి కాఫా నేషన్స్ కప్‌లో మూడో స్థానం తెచ్చారు. తర్వాత సింగపూర్ చేతిలో ఓటమి, నవంబర్‌లో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1 ఓటమి. ఆయన జట్లు గోల్ ఇవ్వకుండా కాపాడుకోవడంలో చూపే శ్రద్ధ గోల్ కొట్టడంలో చూపవని విమర్శ ఉంది. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. మనవాడు అని దాన్ని కప్పిపుచ్చాల్సిన జరూరత్ లేదు. కోచ్‌ను కోచ్‌గా తూకం వేయడమే ఆయనకిచ్చే ఇజ్జత్. పేరు చూసి పొగిడేవాడు రేపు పేరు చూసి తిట్టేవాడికి దారి చూపిస్తున్నాడు.

ఇప్పుడు మన హైదరాబాద్ మాట. ఈ మొత్తం కహానీ మనకు కొత్తగా అనిపిస్తే ఆ తప్పు మన యాద్దాష్త్‌ది. భారత ఫుట్‌బాల్‌కు కోచ్ అంటే ఏంటో నేర్పిన ఊరు ఇది. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ స్కూల్ టీచర్. ఉస్మానియాలో చదువుకున్నారు, నగరంలోని బడుల్లో పాఠాలు చెప్పారు. అంతర్జాతీయ ఆటగాడు కాదు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన చేతిలో భారత్ 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ బంగారం గెలిచింది. జకార్తా నాటికే ఒంట్లో క్యాన్సర్. 1963 జూన్‌లో వెళ్లిపోయారు. 2024లో "మైదాన్" సినిమా వచ్చేదాకా మన పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

రహీం సాబ్ జిందగీ ఒక మాట చెప్తుంది: కోచింగ్ అంటే రిటైరైన ఆటగాడికి ఇచ్చే బహుమతి కాదు, అది ముదర్రిస్ పని. ఎడమ కాలు బలహీనంగా ఉన్నవాడిని ఆ కాలితోనే ఆడించి, ఆడించి దారిలో పెట్టేవారని ఆయన గురించి చెప్తారు. లెక్కల్లో వెనకబడ్డ పిల్లాడికి మంచి టీచరు చేసేది కూడా ఇదే కదా.

మరి గొప్పగా ఆడినవాళ్లు మంచి ఉస్తాదులు కాలేరా? దానికి జవాబు కూడా మన ఊరే ఇచ్చింది. సయ్యద్ నయీముద్దీన్ సాబ్ డిఫెండర్. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన భారత జట్టుకు కెప్టెన్. ఆ తర్వాత కోచ్ అయ్యి 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఒకే ఏడాది ఐఎఫ్ఏ షీల్డ్, డ్యురాండ్, రోవర్స్ మూడూ గెలిపించారు. భారత జట్టుకు కోచ్‌గా చేశారు. ఆటకు అర్జున, ఆట నేర్పినందుకు ద్రోణాచార్య, రెండూ ఆయన ఇంట్లో ఉన్నాయి. బ్యాంకాక్‌లో ఆయనతో ఆడిన మొహమ్మద్ హబీబ్ సాబ్ 1977లో మోహన్ బగాన్ తరఫున పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద గోల్ కొట్టిన మనిషి. అంతటి ఆటగాడు తర్వాత జంషెడ్‌పూర్ వెళ్లి టాటా అకాడమీలో పిల్లలకు బంతి ఆపడం నేర్పారు. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో కన్నుమూశారు.

చూశారా, మన ఉస్తాదులు కోల్‌కతాకు నేర్పారు, జంషెడ్‌పూర్‌కు నేర్పారు. మన గల్లీలకు ఏం మిగిలింది? మైదానాలు ఫంక్షన్ హాళ్లయ్యాయి, పార్కింగ్ స్థలాలయ్యాయి. 2021-22లో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అందరూ మైదానాలు పోయాయని ఏడుస్తారు. నిజమే. కానీ మైదానం కంటే ముందు ఉస్తాద్ పోయాడని నేనంటాను. ఉస్తాద్ ఉంటే బడి వెనక ఉన్న మట్టి జాగా కూడా మైదానం అవుతుంది. ఉస్తాద్ లేకపోతే పచ్చగడ్డి పరిచిన టర్ఫ్ మీద కూడా గంటకు ఇంత అని కట్టి గోలగోలగా బంతి తన్ని వస్తారు, అంతే.

ఉస్తాద్ ఎందుకు పోయాడు? మనం ఆయనకు తలబ్ ఇవ్వలేదు, తన్‌ఖా ఇవ్వలేదు. ట్యూషన్‌కు, కోచింగ్ సెంటర్‌కు అప్పు చేసైనా కడతాం. తెల్లవారుజామున ఐదున్నరకు మైదానానికి వచ్చి మన పిల్లాడికి పరుగెత్తడం, ఓడిపోవడం, సమయానికి రావడం నేర్పే మనిషికి నెలకు కొన్ని వందలు ఇవ్వాలంటే బేరమాడతాం. "ఆటకు కూడా ఫీజా భాయ్?" అంటాం. ఆ మనిషి కొన్నేళ్లు ఓర్చుకుంటాడు. తర్వాత ఆటో నడుపుకుంటాడు, లేదా గల్ఫ్‌కు పోతాడు. ఆయనతో పాటు ఆయనకు తెలిసిన ఇల్మ్ కూడా పోతుంది.

"ఫుట్‌బాల్‌లో రిజ్క్ ఎక్కడుంది?" అనే సవాల్‌ను కొట్టిపారేయలేం. 2025-26 ఐఎస్‌ఎల్ సీజన్ ఎప్పుడు మొదలవుతుందో తెలియక దేశంలోని పెద్ద పెద్ద ఆటగాళ్లే నెలల తరబడి ఎదురుచూశారు. ఆట మీద మాత్రమే ఆశ పెట్టుకోమని ఏ తల్లికీ చెప్పలేను. నేను చెప్పేది ఇంకోటి. ఆడే పిల్లాడికి పదిహేడు, పద్దెనిమిది ఏళ్ల నుంచే నేర్పడం కూడా నేర్పండి. చిన్నపిల్లల జట్టును వారానికి రెండు రోజులు వాడి చేతిలో పెట్టించండి. ఈ ఇల్మ్‌కు ఇప్పుడు సనద్ ఉంది. ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే డి లైసెన్స్ మొదటి పెద్ద మెట్టు. దాని మీద సి, బి, ఎ, చివర ప్రో. ఐఎస్‌ఎల్‌లో హెడ్ కోచ్ కావాలంటే ఆ ప్రో లైసెన్స్ ఉండాలి. మెట్టు మెట్టుకూ చదవాలి, పరీక్ష ఇవ్వాలి, మైదానంలో నేర్పి చూపించాలి. ఒకరకంగా ఇది కూడా బీఈడీ లాంటిదే. పై మెట్టు దాకా అందరూ వెళ్లరు. కానీ కింది మెట్ల మీద ఉన్నవాళ్లకూ బడుల్లో, అకాడమీల్లో హలాల్ రోటీ ఉంది, ఇజ్జత్ ఉంది.

ఇందులో చదువు మానేయమన్న మాట ఎక్కడా లేదని గమనించండి. నోట్సు రాసుకోవాలి, శరీరం ఎలా పనిచేస్తుందో తెలియాలి, నలుగురి ముందు సాఫ్‌గా మాట్లాడటం రావాలి. డిగ్రీ చదివిన పిల్లాడికి ఈ దారి ఇంకా ఆసాన్. ఆడపిల్లలకు అయితే లేడీ కోచ్‌ల జరూరత్ ఎంతో ఉంది. "మగ కోచ్ దగ్గరికి ఎలా పంపాలి?" అని బిడ్డను ఇంట్లో ఆపేసే అమ్మీలు మన మొహల్లాల్లో ఉన్నారు. ఆ అమ్మీల ఫికర్ తీర్చడానికి మంచి మార్గం మన బిడ్డల్లోంచే ఉస్తానీలను తయారుచేసుకోవడం.

మస్జిద్ కమిటీలు, వెల్ఫేర్ సొసైటీలు, జీతాలున్న భాయీలు చేయగలిగింది ఒకటుంది. ఏటా టోర్నమెంట్ పెట్టి, ఫ్లెక్సీ కట్టి, కప్పు ఇచ్చి ఫోటో దిగుతారు. ఆ ఫ్లెక్సీకీ, షాల్వాలకూ అయ్యే పైసలతో మొహల్లాలో ఒక్క కుర్రాడికి డి లైసెన్స్ కోర్సు ఫీజు కట్టండి. షరతు ఒకటే: రెండేళ్లు మన పిల్లలకు నేర్పాలి. కప్పు అల్మారాలో దుమ్ము పట్టిపోతుంది. వాడు నేర్పిన ముప్పై మంది పిల్లలు వీధిలో తిరుగుతూ కనపడతారు.

ఖాలిద్ జమీల్ ఈ కుర్చీలో ఎన్నాళ్లు ఉంటారో అల్లాహ్‌కే తెలుసు. జాతీయ జట్టు కోచ్ కుర్చీ ఎవరికీ పర్మనెంట్ కాదు. రేపు తీసేసినా ఆయన ఇంకో క్లబ్‌కు వెళ్తారు, అవసరమైతే మళ్లీ రెండో కుర్చీలోనే కూర్చుంటారు. ఇంతకు ముందు అదే చేశారు కదా. 32 ఏళ్లకు ఆయన మోకాలు ఆగిపోయింది, ఆయన ఆగలేదు. మన ఇంట్లో బంతి తన్నే పిల్లాడు ఖాలిద్ అవుతాడో లేదో మన చేతిలో లేదు. వాడికి ఒక మంచి ఉస్తాద్‌ను వెతికిపెట్టి, ఆ ఉస్తాద్ ఫీజు బేరం లేకుండా నెల మొదటి వారంలో చేతిలో పెట్టడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఈ నెల నుంచే మొదలుపెడదాం.